స్మోకీ కొండల్లో ఉన్న అమ్మాయికి

ఆత్మకూరు,
2025 జులై 19.

చిరంజీవి ప్రసన్నకు అమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నాం. ఆరుద్రలో పడవలసిన వాన పునర్వసు చివరికి గాని పడలేదు. ఆ తడికే మీ నాన్న కందులు విత్తించారు. గౌరి ఈనింది, కోడెదూడ. విజయక్క వాళ్ళ చిన్నది పదో తరగతిలోకి వచ్చి, జీవశాస్త్రంలో వచ్చిన సందేహాలన్నీ సాయంత్రం కాగానే నా దగ్గరికే తెస్తోంది. రాజు మామ అల్లుడు వచ్చే వారం అట్లాంటాకు ప్రయాణమవుతున్నాడు కనుక, నీకు పంపే వస్తువులతో పాటు ఈ ఉత్తరాన్ని కూడా అతని పెట్టెలో పెడుతున్నాను. ఫోనులో నువ్వు మాట్లాడేది సగం వినిపించదు, వినిపించిన సగంలో "బాగానే ఉన్నానమ్మా" అన్న మాట తప్ప వేరే సంగతి ఉండదు. ఉత్తరమైతే తీరికగా చదువుతావనీ, అడిగినవాటన్నిటికీ జవాబు రాస్తావనీ నా ఆశ.

అమెరికాలో ఆ స్మోకీ కొండల నుంచి నువ్వు చివరిగా పంపిన సందేశంలో వాన బాగా పడుతోందనీ, బల్లుల్లా కనిపించే సాలమాండర్లను లెక్కపెట్టే పని బాగా సాగుతోందనీ మాత్రమే ఉంది. ఆ తర్వాత చాలా రోజులుగా ఏమీ లేదు. కొండల్లో సిగ్నల్ ఉండదని నువ్వు ముందే చెప్పావు కనుక నేనేమీ కంగారు పడలేదు. అయితే మొన్న సుధ నిశ్చితార్థంలో శేషమ్మత్త నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పింది. షార్లట్‌లో ఉన్న ఆమె మనవడికి మీ విశ్వవిద్యాలయంలో తెలిసినవాళ్ళెవరో ఉన్నారట. నీతో పాటు కొండకు వచ్చే హానా మోకాలు దెబ్బతిని జూన్‌లోనే ఇంటికి వెళ్ళిపోయిందనీ, ఆమె స్థానంలో ఇంకా ఎవరినీ వేయలేదనీ, నువ్వు రాత్రిళ్ళు ఒక్కదానివే అడవిలోకి వెళ్ళి తెల్లవారుజామున కిందికి వస్తున్నావనీ వాళ్ళు అతనితో అన్నారట. శేషమ్మత్త చెప్పే మాటల్లో ఎంత తీసివేసుకోవాలో నాకు తెలుసు. అది నిజమా కాదా అని ఇప్పుడే నిలదీయను. ముందుగా పెట్టెలో ఉన్న వస్తువుల సంగతి చెబుతాను.

ఆవకాయ చిన్న సీసాలో పెట్టాను, పెద్దదైతే అతనికి బరువవుతుంది. నూనె కారకుండా మూత మీద గుడ్డ కట్టి, దాని మీద రెండు కవర్లు చుట్టాను. కందిపొడి, నల్లకారం, సున్నుండలు, జంతికలు విడివిడిగా ఉన్నాయి. సున్నుండలు ముందు తిను, అవి నిలవ ఉండవు. మీ నాన్న పట్టుబట్టి మందపాటి ఊలు మేజోళ్ళు నాలుగు జతలు కొన్నారు. నూలు మేజోళ్ళు తడిస్తే ఆరవనీ, ఊలువి తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతాయనీ ఎక్కడో చదివారట. ఇంట్లో వాటి మాటే వారం రోజులు నడిచింది, కనుక తప్పకుండా వేసుకో. ఆవకాయ, కారప్పొడి మాత్రం నువ్వు ఉంటున్న ఇంట్లోనే తిను. కొండ మీద గుడారం వేసుకునే రాత్రులుంటే ఆ వాసన ఉన్న డబ్బా ఏదీ గుడారంలోకి రాకూడదు. ఎలుగులకు వాసన పట్టడంలో ఉన్న నేర్పు నీకు నేను చెప్పనక్కరలేదు. క్యాంపు స్థలాల్లో తిండి సంచుల్ని ఎత్తుగా వేలాడదీయడానికి స్మోకీ కొండల జాతీయ పార్కు వాళ్ళు ఇనుప తీగలు కట్టి ఉంచుతారని నువ్వే ఒకసారి చెప్పావు. అవి ఉన్నచోట సోమరితనం చేయకుండా వాడు. ఇంకొక మాట, కారం తిన్న చేతుల్ని సబ్బుతో రెండుసార్లు కడుక్కొని, మంచి నీళ్ళతో బాగా తొలిచి, ఆ తర్వాతే నీ సాలమాండర్లను ముట్టుకో. ఊపిరితిత్తులే లేని ఆ ప్రాణులు చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ గాలి పీల్చుకుంటాయి కదా, మన చేతికి ఉన్నది వాటి ఒంట్లోకి దిగకుండా ఉంటుందా? చర్మీయ శ్వాసక్రియ అన్న పాఠాన్ని కప్పను చూపించి నేను ఎన్ని తరగతులకు చెప్పానో! కప్పకైనా ఊపిరితిత్తులు ఉన్నాయి. వాటిని పూర్తిగా వదులుకొని చర్మం మీదే ఆధారపడి బతికే ప్రాణుల వెంట నా కూతురు తిరుగుతుందని ఆనాడు ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

నీ పని ఏమిటని ఇక్కడ అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. "బల్లుల మీద పరిశోధనకు అమెరికా దాకా పోవాలా?" అని నిశ్చితార్థంలోనే ఒకాయన అడిగాడు. నేను ఆయనను కూర్చోబెట్టి వివరించాను. అవి బల్లులు కావు, కప్పల బంధువులైన ఉభయచరాలు. ఆ ఒక్క పార్కులోనే సుమారు 30 జాతులు ఉన్నాయి. హిమయుగాల్లో ఉత్తరం నుంచి దిగిన మంచు పలకలు అంత దక్షిణానికి రాలేదు కనుక, ఆ పాత కొండల లోయల్లో అవి దీర్ఘకాలం చెదరకుండా బతికి, శిఖరానికొక తీరుగా వేరుపడ్డాయి. న్యూ హాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1970లలో లెక్క కట్టినప్పుడు అక్కడి సాలమాండర్ల మొత్తం బరువు పక్షుల మొత్తం బరువు కంటే ఎక్కువ తేలిందని కూడా చెప్పాను. ఆకుల కింద దాగి ఎవరికీ కనిపించని ప్రాణి అడవిలో అంత భాగం పంచుకుంటుందంటే ఆయన కొంతసేపు మాట్లాడలేదు. నువ్వు పంపిన ఎర్ర చెంపల సాలమాండర్ ఫోటో చూపించాను. నల్లని ఒళ్ళు, రెండు చెంపల మీద కుంకుమ అద్దినట్లున్న ఎరుపు చూసి ఆయన భార్య ఫోను చేతిలోకి తీసుకొని చాలాసేపు ఇవ్వలేదు. అది స్మోకీ కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదనీ, దాని రుచి పిట్టలకు పడదు కనుక వేరే జాతి ఒకటి దాని చెంపల రంగును అనుకరించి బతికిపోతుందనీ చెప్పాను. నీ చదువు గురించి చెప్పేటప్పుడు నాకు ఎక్కడా తడబాటు రాదు. ఆ చదువు కోసం నువ్వు రాత్రి ఎవరితో వెళుతున్నావని అడిగినప్పుడు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.

రాత్రి పని మానుకోమని నేను చెప్పను. పగటి ఎండలో, పొడి గాలిలో ఆ ప్రాణి బయటికి వస్తే దాని చర్మం ఎండిపోయి ఊపిరి ఆగిపోతుంది. వాన పడిన రాత్రి, నేల తడిసి, గాలిలో తేమ నిండినప్పుడే అది ఆకుల మీదికి వచ్చి తిండి వెతుక్కుంటుంది. దాన్ని లెక్కపెట్టేవాళ్ళు ఆ వేళకే అక్కడ ఉండాలి. ఎండలు ముదురుతున్న కొద్దీ అది బయట తిరగగల గంటలు ఎలా తగ్గుతున్నాయో తెలుసుకోవడమే నీ పరిశోధన అయినప్పుడు, పగలు వెళ్ళి రా అంటే అర్థం లేదు. హెడ్‌ల్యాంపు వెలుగులో ఒక్కొక్కదాన్ని తడి సంచిలోకి తీసుకోవడం, మూతి నుంచి మొండెం చివరిదాకా కొలవడం, చర్మం కింద చుక్కంత రంగు పెట్టి గుర్తు వేయడం, దొరికిన చోటే జెండా పాతి మళ్ళీ అక్కడే వదలడం, అదంతా నువ్వు చెప్పినప్పుడు నేను పుస్తకంలో రాసిపెట్టుకున్నాను. ఈ పనిలో రెండు చేతులూ ప్రాణి మీదా, రెండు కళ్ళూ కొలబద్ద మీదా ఉంటాయి. వెనక ఏముందో చూసే కళ్ళు ఇంకొకరివి ఉండాలి. నా మాట అంతవరకే.

మీ పెద్దమామ కుంటుతూ నడవడం నువ్వు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు. ఆ కథ ఆయన చెప్పే పద్ధతిలో విన్నావు, ఆయన చెప్పేటప్పుడు అందులో ఎలుగుబంటి తప్ప వేరే ఎవరూ ఉండరు. నేను చెప్పేది విను. ఆ ఏడు నేను పదో తరగతి. శివరాత్రికి ముందు మన ఇంటి వాళ్ళూ, సుబ్బులు వాళ్ళూ, కోటవీధి వాళ్ళూ కలిసి వెంకటాపురం దగ్గర అడవిలో ప్రవేశించి, నాగలూటి మీదుగా కాలినడకన శ్రీశైలం బయలుదేరాం. పెచ్చెరువు చేరేసరికి పొద్దు గూకింది. అక్కడ వంట చేసుకొని, కొంతసేపు నడుము వాల్చి, అలసట తీరాక మఠంబావికి నడవాలని తాతయ్య నిర్ణయించారు. మీ పెద్దమామ అప్పుడు కర్నూలు కాలేజీలో చదువుతున్నాడు, కొత్త టార్చిలైటు కొనుక్కొని వచ్చాడు. అందరి నడకా తన నడకకు అడ్డమని ఆయన భావన. దారి తనకు తెలుసుననీ, ముందు వెళ్ళి మఠంబావి దగ్గర చోటు పట్టి ఉంచుతాననీ మా అమ్మతో ఒక మాట అనేసి వెళ్ళిపోయాడు. తాతయ్య అప్పుడు చెరువు దగ్గర స్నానం చేస్తున్నారు.

మేము మఠంబావి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. తాతయ్యకు ఒక అలవాటు ఉండేది. ఆగిన ప్రతి చోటా కర్రతో ఒక్కొక్కరినీ తాకుతూ లెక్కపెట్టేవారు. ఆ రాత్రి లెక్క ఒకటి తగ్గింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ తగ్గింది. అప్పుడు గాని మా అమ్మ చెప్పలేదు. అక్కడ బస చేసిన వేరే ఊళ్ళ గుంపులన్నిట్లో వెతికారు. పేరు పెట్టి పిలిచారు. లాంతర్లు తీసుకొని నలుగురు మగవాళ్ళు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళారు. మేము పిల్లలం బావి దగ్గర కూర్చున్నాం. మా అమ్మ ఏడవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఒళ్ళో ఉన్న అటుకుల మూటను విప్పడం, కట్టడం, మళ్ళీ విప్పడం, అదే పనిగా చేస్తూ ఉండిపోయింది. ఆ మూట ముడిని నేను తెల్లవారేదాకా చూశాను. ఆమె అలా ఉండటం ఆ తర్వాత మరెప్పుడూ చూడలేదు.

జరిగిందేమిటంటే, మీ పెద్దమామ నీళ్ళ చప్పుడు విని బాట విడిచి పశువుల దారిలో పడ్డాడు. కొంత దూరం పోయాక అది బాట కాదని తెలిసింది, వెనక్కి తిరిగాడు, తిరిగిన దారి వచ్చిన దారి కాదు. టార్చిలైటు మసకబారింది. గులకరాళ్ళ మీద జారి వాగులో పడి చీలమండ విరిగింది. లేవలేకపోయాడు. అరిచాడు, ఎవరికీ వినపడలేదు. తెల్లవారుజామున కొంచెం పైన ఉన్న పుట్ట దగ్గరికి ఎలుగు వచ్చింది. చెదలను లోపలి నుంచి పీల్చుకునేటప్పుడు అది చేసే జుర్రుకునే శబ్దం చాలా దూరం వినిపిస్తుంది. మన అడవి ఎలుగు ఎదురుపడితే మనిషి మీదికి దూకడానికి వెనకాడదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాడు, చొక్కా నోట్లో కుక్కుకొని ఊపిరి బిగబట్టాడట. అది తన పని చూసుకొని వెళ్ళిపోయింది. ఆయన చెప్పే కథ ఇక్కడితో ముగుస్తుంది. అయితే ఆయన్ని బతికించింది ఎలుగు దయ కాదు. తాతయ్య పంపిన మనుషులు దారి పక్క గూడెం నుంచి ఒక చెంచు పెద్దాయనను వెంటబెట్టుకొని వచ్చారు. ఆయన బాట పక్కన చెప్పు ముద్ర చూసి, పశువుల దారి పట్టి, పొద్దు పొడిచే వేళకు వాగులోకి దిగాడు. వీపు మీద వేసుకొని తెచ్చాడు. దారంతా ఆయన అడిగింది ఒక్కటే: "ఎవరితో వచ్చినావు నాయనా? వాళ్ళకు చెప్పినావా?" మా అన్న ఎన్ని సమాధానాలు చెప్పినా ఆయన మళ్ళీ అదే అడిగాడట. ఎముక సరిగా అతుకుపడలేదు. వానాకాలం వస్తే ఈనాటికీ ఆ కాలు నొప్పి పెడుతుంది. ఈ ఉత్తరం రాస్తున్నానని తెలిసి, "దానికి నా ఎలుగుబంటి సంగతి రాయి" అని ఆయనే అన్నాడు. నేను తాతయ్య లెక్క సంగతి రాశాను. మీ కొండల్లో నిన్ను లెక్కపెట్టే మనిషి ఎవరు?

మీ నల్ల ఎలుగు మన ఎలుగు లాంటిది కాదని మీ నాన్న నాకు ధైర్యం చెబుతున్నారు. పార్కు వాళ్ళు రాసినదంతా ఆయన ఇంటర్నెట్‌లో కూర్చొని చదివారు. అక్కడ 1,900 దాకా ఎలుగులు ఉన్నాయట. మనిషి అలికిడి వింటే చాలావరకు అవే తప్పుకుంటాయట. ఎదురైతే పరుగెత్తకూడదు, దాన్ని చూస్తూనే నెమ్మదిగా వెనక్కి నడవాలి, అది వెంబడిస్తే నిలబడి గట్టిగా అరవాలి, మీద పడితే చచ్చినట్లు పడుకోకుండా చేతికి దొరికినదానితో కొట్టాలి. ఇవన్నీ నీకు శిక్షణలో చెప్పే ఉంటారు. అయినా చదువు. దుంగలు తిప్పేటప్పుడు నీ వైపుకే దొర్లించు, అప్పుడు దాని కింద చుట్టుకున్న రాటిల్‌స్నేక్ గాని కాపర్‌హెడ్ గాని, ఆ విషపు పాము దుంగకు అవతలే ఉండిపోతుంది. చూసిన తర్వాత దుంగను ఉన్నట్లే తిరిగి పెట్టు, దాని కింది తడి మీద ఆధారపడిన ప్రాణులు ఎన్నో ఉంటాయి.

ఎలుగులూ పాముల కంటే నాకు భయం వేసిన సంగతి వేరే ఉంది. ఆ పార్కులో ప్రాణాలు పోవడానికి ముఖ్యమైన కారణాలు రోడ్డు ప్రమాదాలూ నీటిలో మునగడమూ అని వాళ్ళే రాశారు. అది చదివిన దగ్గర నుంచి మీ నాన్న కువోహి శిఖరం నుంచి కిందికి దిగే రోడ్డును ఫోనులో పెద్దది చేసి మలుపులు చూస్తున్నారు. (ఆ శిఖరానికి అక్కడి ఆదివాసులైన చెరోకీ వాళ్ళ పాత పేరు నిరుడు తిరిగి పెట్టారని నువ్వు సంతోషంగా రాసిన ఉత్తరం ఆయన దగ్గరే ఉంది.) రాత్రంతా వంగి పనిచేసి, తడిసి, నిద్ర లేక, తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో పొగమంచులో ఆ ఘాట్ రోడ్డు మీద నువ్వు ఒక్కదానివే కారు నడుపుతున్నావా? హానా ఉన్నప్పుడు ఒకరు నడిపితే ఒకరు మాట్లాడుతూ మెలకువగా ఉంచేవారని చెప్పావు. ఇప్పుడు ఎవరు మాట్లాడుతున్నారు? నిద్ర ముంచుకు వస్తే దారి పక్కన సురక్షితమైన చోట ఆపి, తలుపులు వేసుకొని, ఒక గంట పడుకో. పొద్దున్నే లెక్కల పుస్తకం నింపకపోతే ప్రళయం రాదు.

అక్కడ ఎత్తైన చోట్ల ఏడాదికి 85 అంగుళాల పైగా వాన పడుతుంది, జులైలోనూ రాత్రి వేడి 12 డిగ్రీల దగ్గరే ఉంటుంది. తడి బట్టలతో గంటల తరబడి ఉంటే వేసవిలోనూ ఒళ్ళు చల్లబడిపోతుంది. ఆ స్థితిలో మొదట పోయేది బుద్ధి నిలకడ అనీ, తనకేమవుతోందో ఆ మనిషికే తెలియదనీ చదివాను. పక్కన మనిషి ఉంటే మాట తడబడుతోందని గుర్తిస్తారు. పక్కన ఎవరూ లేనివాళ్ళకు ఎవరు చెబుతారు? పొడి బట్టల జత ఒకటి నీళ్ళు చొరని సంచిలో ఎప్పుడూ ఉంచుకో. వాగులు దాటే చోట నీళ్ళు పొంగి ఉంటే ఆ రాత్రి లెక్కపెట్టవలసిన ప్లాటును వదిలెయ్యి.

ఇక గోమార్ల సంగతి. గౌరి ఒంటి మీద వాటిని చూసినప్పుడల్లా నువ్వే గుర్తుకొస్తావు. సాలమాండర్ల కోసం చేతులకు దోమల మందు రాసుకోనని నువ్వు చెప్పినప్పుడు సరేనన్నాను. కాని బట్టలకూ బూట్లకూ పర్మెత్రిన్ అనే పురుగుల మందు పట్టించి ముందే ఆరబెట్టుకోవచ్చు కదా? ప్యాంటు అంచుల్ని మేజోళ్ళలో దోపుకో. కొండ దిగగానే స్నానం చేసి, మోకాళ్ళ వెనక, చెవుల వెనక, నడుము దగ్గర, తలలో వేళ్ళు పెట్టి వెతుక్కో. ఒకటి పట్టుకొని ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగాలి. ఇక్కడ పశువులకు పోసినట్లు కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం పనికిరాదు. గోమార్ల వల్ల వచ్చే రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్ అనే జ్వరం కేసులు ఎక్కువగా వచ్చే రాష్ట్రాల్లో మీ పార్కు ఉన్న నార్త్ కరోలినా, టెన్నెస్సీ రెండూ ఉన్నాయి. గోమారి పట్టిన తర్వాత జ్వరం, తలనొప్పి వస్తే దద్దుర్లు కనిపించేదాకా ఆగకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళి, అడవిలో పని చేస్తున్నానని మొదటే చెప్పు. దానికిచ్చే డాక్సీసైక్లిన్ మందు మొదటి రోజుల్లో పడితేనే ఎక్కువ మేలు. లోన్ స్టార్ అనే గోమారి కరిస్తే కొందరికి వేటమాంసం తిన్న కొన్ని గంటల తర్వాత ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందనంత ప్రమాదం కూడా వస్తుందట. సంక్రాంతికి వచ్చినప్పుడు నీ కోసం మీ నాన్న పొట్టేలు చెప్పి ఉంచారు. ముందుగానే పరీక్ష చేయించుకుంటే మంచిది కదా అని ఆయన అడగమన్నారు.

నిరుడు సెప్టెంబరులో హెలీన్ తుపాను ఆ కొండల మీద విరుచుకుపడినప్పుడు నీ ఫోను మోగని రోజులు మా ఇద్దరికీ ఇంకా పోలేదు. రోడ్లు కొట్టుకుపోయాయనీ, టవర్లు పడిపోయాయనీ వార్తల్లో చూశాం. నువ్వు అప్పుడు కొండ మీద లేవని తర్వాత తెలిసింది. అందుకనే ఇప్పుడు నీ మౌనం కొంచెం పొడవైతే మీ నాన్న రాత్రి లేచి ముందు గదిలో కూర్చుంటున్నారు, అడిగితే ఉక్కపోత అంటారు.

నువ్వు మొదటి నుంచీ ఎవరినీ సాయం అడగని పిల్లవు. ఆరో తరగతిలో సైకిలు గొలుసు ఊడితే నల్లకాల్వ దగ్గర నుంచి దాన్ని నెట్టుకుంటూ వచ్చావు గాని దారిలో ఒక్క ఇంటి తలుపు తట్టలేదు. ఆ గుణం చదువులో నీకు పనికి వచ్చింది. అయితే తోడు లేనప్పుడు "తోడు కావాలి" అని మీ ప్రొఫెసర్ గారిని అడగడం నీ సామర్థ్యానికి తక్కువేమీ కాదు. తోడు మనిషి లేకుండా రాత్రి సర్వే జరగకూడదన్నది అక్కడి నియమమే అయి ఉంటుందనుకుంటున్నాను. హానా వెళ్ళిపోయిందన్న సంగతి ఆయనకు తెలిసీ వేరొకరిని ఏర్పాటు చేయకపోతే, నోటి మాటగా కాకుండా ఉత్తరంలో రాసి అడుగు. డబ్బు లేదంటే ఒక సహాయకురాలికి ఈ సీజను మిగిలిన భాగానికి ఎంతవుతుందో రాయి, మేము చూసుకుంటాం. కొన్ని రాత్రుల లెక్క తక్కువైతే థీసిస్‌లో ఆ మాట రాసుకోవచ్చు. ఇలా ఉపన్యాసం చెప్పకూడదనే ఉత్తరం మొదలుపెట్టాను, ముప్పై ఏళ్ళు బల్ల ముందు నిలబడి చెప్పిన గొంతు ఊరుకోదు.

ఇక నేను అడిగేవాటికి జవాబులు రాయి. హానా నిజంగానే వెళ్ళిపోయిందా? ఇప్పుడు నీతో ఎవరు వస్తున్నారు, వాళ్ళ పేరేమిటి, ఫోను నంబరేమిటి? నువ్వు ఏ ప్లాటుకు వెళుతున్నావో, ఎన్ని గంటలకు కిందికి వస్తావో వెళ్ళే ముందు ఎవరికి చెబుతున్నావు? ఆ వేళకు నువ్వు రాకపోతే ఎంతసేపు ఆగి ఎవరికి ఫోను చేయాలో వాళ్ళకు తెలుసా? ఉపగ్రహం ద్వారా సందేశం పంపే ఆ చిన్న యంత్రాన్ని సంచి అడుగున కాకుండా భుజం పట్టీకి తగిలించుకుంటున్నావా, దాని చందా కట్టావా, రాత్రి బయలుదేరే ముందు చార్జి చూస్తున్నావా? కొండ దిగగానే దాని నుంచి "దిగాను" అన్న ఒక్క మాట మీ నాన్న నంబరుకు రావాలి. మాకు అప్పటికి మధ్యాహ్నమో సాయంత్రమో అవుతుంది, ఎప్పుడైనా ఫరవాలేదు.

కారు ముందు టైర్లు అరిగిపోయాయని శివరాత్రి నాడు మాట్లాడినప్పుడు అన్నావు. నాలుగూ మార్చడానికి సరిపోయే డబ్బు మీ నాన్న నిన్న నీ ఖాతాకు పంపారు. దాన్ని పుస్తకాలకో, కొత్త హెడ్‌ల్యాంపుకో మళ్ళించవద్దు. టైర్లు వేయించిన రసీదును ఫోటో తీసి ఆయనకు పంపు. హెడ్‌ల్యాంపు కావాలంటే వేరే చెప్పు, అదీ పంపుతాం. రాజు మామ అల్లుడు ఆగస్టు మొదటి వారంలో ఈ పెట్టెను పోస్టులో వేస్తానన్నాడు. నీ చిరునామాలో ఆ కొండ కింది ఇంటి నంబరు సరిగా ఉందో లేదో అతనికి ఒకసారి ఫోను చేసి చెప్పు, అతని నంబరు సున్నుండల డబ్బా మూత మీద అంటించాను.

ఆశీస్సులతో,
అమ్మ